ప్యాడ్లు అరిగితే డిస్క్‌లు కూడా మార్చాలా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న ఇది. కారు 2017 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 62,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు అయిపోయాయి. సర్వీస్ సెంటర్‌వాళ్లు ప్యాడ్లతో పాటు అవి నొక్కి పట్టే రెండు ఇనుప పళ్లేలు, అంటే డిస్క్‌లు కూడా మార్చాలని ఎస్టిమేట్ చేతిలో పెట్టారు. ఊళ్లో తెలిసిన మెకానిక్ మాత్రం "డిస్క్‌లకేం కాలేదన్నా, ప్యాడ్లు వేసుకుని పో" అన్నాడట. వచ్చే వారం కుటుంబంతో శ్రీశైలం పోవాలి, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉందంటున్నారు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ డిస్క్‌లు మార్చనక్కర్లేదు. ఇప్పుడు అరిగింది కంపెనీ నుంచి వచ్చిన మొదటి సెట్టే అయితే, ఇనుముకి ఇనుము రాసుకునే దాకా మీరు బండి తిప్పకపోతే, ఆ డిస్క్‌లు ఇంకో సెట్టు ప్యాడ్లకు సరిపోవచ్చు. అయితే ఈ "సరిపోవచ్చు"ను నమ్ముకుని ఘాట్ దిగలేం. డిస్క్ మందం కొలిపించండి. మార్చమన్నవాళ్లు ఎన్ని ఎంఎం ఉందో చెప్పారా? అక్కర్లేదన్నాయన కొలిచాడా? మీరు రాసినదాన్ని బట్టి ఇద్దరూ కొలవలేదు. అలాంటప్పుడు ఇద్దరిలో ఎవరి మాటా పట్టుకోలేం.

నేను నల్లగొండలో షెడ్డు నడుపుతున్నాను. మాకు వచ్చే బండ్లలో సగం నార్కెట్‌పల్లి–మిర్యాలగూడ రోడ్డు మీద తిరిగేవి, మిగతావి హైదరాబాద్–విజయవాడ హైవే బండ్లు. బ్రేకు పని లేని రోజు ఉండదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఏ అంకె చూడాలి

దాదాపు ప్రతి డిస్క్ మీద కనీస మందం ఎంతో ముద్రించి ఉంటుంది. డిస్క్ అంచున గానీ, మధ్యలో టోపీలా ఉబ్బి ఉండే భాగం మీద గానీ ఇంగ్లీషు అక్షరాల్లో 'మిన్ టీహెచ్' అని ఉండి పక్కన అంకె కనిపిస్తుంది. తుప్పు కప్పేసి ఉంటే వైర్ బ్రష్‌తో రెండుసార్లు రుద్దితే బయటపడుతుంది. అంతకంటే పలచబడిన డిస్క్ పనికిరాదు. అందులో బేరం లేదు.

చాలా కార్లలో ముందు డిస్క్‌లు లోపల గాలి సందులున్న రకం. అలాంటి డిస్క్ కొత్తప్పుడు 22 ఎంఎం ఉంటే కనీస మందం 20 దగ్గర ఉంటుంది. అంటే రెండు వైపులా కలిపి అరగడానికి మనకున్నది దాదాపు రెండు ఎంఎం మాత్రమే. మీ కారు అంకెలు వేరే ఉండొచ్చు, ముద్ర మీద ఉన్నదే తీసుకోండి.

మనవాళ్లు తప్పటడుగు వేసేది ఇక్కడే. లిమిట్ 20, ఇప్పుడు కొలిస్తే 20.3 వచ్చింది అనుకుందాం. "ఇంకా లిమిట్ పైనే ఉంది కదా, వేసెయ్" అంటారు. కానీ ఇప్పుడు వేసే కొత్త ప్యాడ్లు ఇంకో నలభై యాభై వేల కిలోమీటర్లు అదే డిస్క్‌ను తింటాయి. మధ్యలో ఎక్కడో అది 20 కిందికి దిగుతుంది. అప్పుడు చక్రం విప్పి చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని నేను చేసే లెక్క ఒకటి చెప్తాను: కొత్తప్పటి మందంలోంచి ఇప్పటి మందం తీసేయండి. మొదటి సెట్టు ఎంత తిన్నదో తెలుస్తుంది. రెండో సెట్టు కూడా దాదాపు అంతే తింటుంది. ఇప్పటి మందంలోంచి అంత తీసేసినా లిమిట్ పైనే ఉంటే డిస్క్ ఉంచండి, కిందికి పోతే ఇప్పుడే మార్చేయండి.

మీ లెక్కే చూద్దాం. 22 ఉండాల్సింది 21.2 ఉందనుకోండి. 62,000 కిలోమీటర్లకు 0.8 పోయింది. ఇంకో 0.8 పోతే 20.4. హాయిగా ఉంచుకోవచ్చు. అదే 20.9 ఉంటే 1.1 పోయినట్టు, ఇంకో 1.1 పోతే 19.8. లిమిట్ దాటిపోతుంది, కాబట్టి ప్యాడ్లతో పాటే డిస్క్‌లు మార్చడం మంచిది. 20.9 చూసి సర్వీస్ సెంటర్‌వాళ్లు మార్చమన్నా తప్పేం కాదు. ఆ లెక్క మీకు చూపించకపోవడమే తప్పు.

పలచబడితే ఏమవుతుందని చాలామంది అడుగుతారు. మామూలుగా ఊళ్లో తిరిగితే ఏమీ తెలియదు, బ్రేకు పడుతూనే ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు బండి వేగమంతా వేడిగా మారి డిస్క్‌లోకే పోవాలి. మందం తగ్గితే ఆ వేడిని దాచుకునే ఇనుము తగ్గిపోతుంది. డిస్క్ తొందరగా కాలి, ప్యాడ్ పట్టు సడలుతుంది. పైగా పలచటి డిస్క్, అరిగిన ప్యాడ్ రెండూ కలిస్తే, ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్‌లోని పిస్టన్ మామూలు కంటే చాలా బయటికి రావాలి. అక్కడ సీలు దగ్గర లీకు మొదలైతే బ్రేక్ ఆయిల్ పోతుంది. ఇవన్నీ హైవే స్పీడులోనో ఘాట్‌లోనో బయటపడతాయి, ఇంటి సందులో కాదు.

కొలవడం ఎలా

మామూలు వెర్నియర్‌తో డిస్క్ అంచు మీద పట్టి కొలిస్తే తప్పు అంకె వస్తుంది. డిస్క్ బయటి అంచున ప్యాడ్ తగలని చోట ఒక గట్టు మిగిలిపోతుంది. వెర్నియర్ దవడలు ఆ గట్టు మీదే కూర్చుంటాయి కాబట్టి అరగని మందమే చూపిస్తుంది. మైక్రోమీటర్ ఉంటే గొడవే లేదు. లేనివాళ్లకు నేను చెప్పే ఉపాయం ఏమిటంటే, ఒకే రకం రూపాయి బిళ్లలు రెండు తీసుకుని ముందు వాటి మందం కొలిచి రాసుకోండి. తర్వాత డిస్క్‌కి అటొకటి ఇటొకటి, గట్టుకు లోపలగా, ప్యాడ్ రాసుకునే చోట ఆనించి వాటి మీద వెర్నియర్ పట్టండి. వచ్చిన అంకెలోంచి రెండు బిళ్లల మందం తీసేస్తే అసలు మందం వస్తుంది. డిజిటల్ వెర్నియర్ వెయ్యి రూపాయల లోపే దొరుకుతోంది. ఆ మాత్రం పనిముట్టు లేని షెడ్డులో బ్రేకు పని చేయించుకోకపోవడమే మేలు.

ఒక్క చోట కొలిచి ఆగిపోవద్దు. డిస్క్ చుట్టూ కనీసం ఆరేడు చోట్ల, అంచు నుంచి ఒకే దూరంలో కొలవాలి. అన్నింట్లో తక్కువ వచ్చిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి. చోటుకీ చోటుకీ తేడా 0.02 ఎంఎం దాటితే బ్రేకు వేసినప్పుడు స్టీరింగ్ వణకడానికి అది చాలు. అంత చిన్న తేడా పట్టుకోవాలంటే మాత్రం మైక్రోమీటర్ ఉండాల్సిందే, బిళ్లల ఉపాయం పనికిరాదు.

కంటికి కనిపించేవి

మందం సరిపోయినా డిస్క్‌ను పక్కన పెట్టేయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి.

గీతలు. గోరు అడ్డంగా లాగితే గరుకుగా తగిలే సన్నటి గీతలు మన దుమ్ము రోడ్ల మీద మామూలే. కంకర క్రషర్ల దగ్గర, సిమెంటు లారీలు తిరిగే వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు బండ్లకు ఇవి లేకుండా ఉండవు. గోరు దిగబడి ఆగిపోయేంత గాడి ఉంటే మాత్రం లోతు కొలవాలి. ఒక ఎంఎం లోతు గాడి అంటే అక్కడ డిస్క్ అంతమేర పలచబడిందనే అర్థం. అలాంటి దాని మీద కొత్త ప్యాడ్ ఎత్తైన చోట్ల మాత్రమే ఆనుతుంది. ఆ ఆనిన చోట్లే మాడిపోయి కొత్త ప్యాడ్ కూడా పాడవుతుంది.

పగుళ్లు. వేడికి వచ్చే వెంట్రుక వాసి పగుళ్లు మొదట మధ్యలో పుడతాయి. అవి అంచు దాకా పాకితే ఆ డిస్క్ ఆ రోజే దిగిపోవాలి. నీలం రంగు మచ్చలు బాగా కాలాయనడానికి గుర్తు. ఆ ఒక్క కారణంతో మార్చనక్కర్లేదు కానీ ఎందుకు కాలిందో వెతకాలి.

తుప్పు. వాన పడ్డ మర్నాడు పొద్దున డిస్క్ ఎర్రగా కనిపిస్తే కంగారు పడకండి, నాలుగు బ్రేకులు వేస్తే పోతుంది. నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండ్ల సంగతి వేరు. అక్కడ ప్యాడ్ కింద ఉన్న భాగం ఒకలా, మిగతాది ఒకలా తుప్పు పట్టి గుంటలు పడతాయి. అవి బ్రేకులతో పోవు.

లోపలి ముఖం తప్పకుండా చూడండి. దేవరకొండ దగ్గరి ఒక టీచరుగారి కారు మా దగ్గరికి వచ్చింది. బ్రేకు వేస్తే కీచుమని శబ్దం వస్తోందని చాలా రోజుల నుంచి చెబుతున్నారట, ఎవరో చక్రం సందులోంచి చూసి "డిస్క్ అద్దంలా ఉంది సార్" అని పంపేశారట. నిజమే, బయటి ముఖం అద్దంలానే ఉంది. బయటి ప్యాడ్ కూడా సగానికి పైగా మిగిలి ఉంది. క్యాలిపర్ విప్పితే లోపలి ప్యాడ్‌లో మసాలా, అంటే డిస్క్‌కి రాసుకునే పొర, పూర్తిగా పోయి ఇనుప పలక మిగిలింది. ఆ పలక డిస్క్ లోపలి ముఖాన్ని చెక్కేసింది.

కారణం క్యాలిపర్ అటూ ఇటూ జరగడానికి ఉండే కింది స్లైడ్ పిన్ను. దాని మీది రబ్బరు తొడుగు చిరిగి, పొలాల మీదుగా పోయే రోడ్ల బురద నీళ్లు లోపలికి పోయాయి. పిన్ను చేత్తో లాగితే కదల్లేదు. తిప్పి తిప్పి లాగితే గ్రీజు బదులు ఎర్ర పొడి రాలింది. పిన్ను ఇరుక్కుంటే క్యాలిపర్ జరగదు, ఒక్క ప్యాడే పని చేస్తుంది. ఆయనకు డిస్క్‌ల జత, ప్యాడ్ల సెట్టు, పిన్నులు, తొడుగులు అన్నీ వేయాల్సి వచ్చింది. శబ్దం మొదలైనప్పుడే విప్పి ఉంటే ప్యాడ్లు, కొంత సిలికాన్ గ్రీజుతో పోయేది. చాలా ప్యాడ్లలో మసాలా రెండు మూడు ఎంఎంకి రాగానే డిస్క్‌కి తగిలి కీచుమనే చిన్న రేకు ఉంటుంది. ఆ శబ్దం వచ్చేదే మనల్ని పిలవడానికి.

కాబట్టి మీ పాత ప్యాడ్లు తీసినప్పుడు నాలుగూ పక్కపక్కన పెట్టి చూడండి. నాలుగూ ఒకేలా అరిగితే మీ బ్రేకు ఆరోగ్యంగా ఉన్నట్టు. లోపలిది ఒకలా బయటిది ఒకలా, లేదా ఎడమకీ కుడికీ బాగా తేడా ఉంటే, కొత్త డిస్క్‌లు వేసినా అదే గతి పడుతుంది. ముందు పిన్నులు, పిస్టన్ చూడాలి.

స్టీరింగ్ వణుకు ఉంటే

మీరు వణుకు గురించి రాయలేదు. కానీ ఇదే ప్రశ్న అడిగేవాళ్లలో చాలామందికి అసలు బాధ ఇది, అందుకే చెబుతున్నాను. ఎనభై తొంభై స్పీడులో బ్రేకు వేస్తే స్టీరింగ్ వణుకుతుంది, "డిస్క్ బెండ్ అయింది, మార్చాలి" అంటారు. బెండ్ అనే మాట అందరూ వాడతాం కానీ నిజంగా వంగిన డిస్క్ నేను చూసింది అరుదు. ఎక్కువ సార్లు జరిగేది డిస్క్ మందంలో చోటుకీ చోటుకీ తేడా రావడం, లేదా ప్యాడ్ మసాలా ఒక చోట అంటుకుపోవడం.

మిర్యాలగూడ నుంచి ఒక రైస్ మిల్లు యజమాని పెద్ద బండి తెచ్చారు. వేరే చోట డిస్క్‌లు మార్పించి ఎన్నో నెలలు కాలేదు. మార్చిన కొత్తలో బాగానే ఉండి, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ వణుకు మొదలైంది. ఇంకో జత డిస్క్‌లు వేయమన్నారు ఆయన. నేను డిస్క్ విప్పి, దాని వెనక చక్రం బిగించే హబ్ చూశాను. డిస్క్ ఆనుకునే ముఖం మీద తుప్పు పొర, ఒక బోల్టు చుట్టూ గట్టిపడి గోరుతో గీకినా రాలేదు. దాన్ని శుభ్రం చేయకుండానే కొత్త డిస్క్ బిగించేశారు. హబ్ దగ్గర సన్నటి తుప్పు పొర ఉన్నా డిస్క్ తిరిగేటప్పుడు పక్కలకు ఊగుతుంది, అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ ఊపు పెరుగుతుంది.

అలా ఊగే డిస్క్ మొదటి రోజే వణకదు. బ్రేకు వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో అదే చోట ప్యాడ్‌కి మెల్లగా తగులుతుంది. తగిలిన చోటే అరుగుతుంది. అలా మందంలో తేడా వచ్చాకే వణుకు మొదలవుతుంది. అందుకే డిస్క్‌లు మార్చినవాళ్ల మీదికి అనుమానం పోదు, "పార్టు మంచిది కాదు" అనుకుంటారు. హబ్‌ను వైర్ బ్రష్, ఎమరీతో తెల్లగా రుద్ది, ఊపు కొలిచే డయల్ గేజ్ పెట్టి చూసుకుంటూ డిస్క్‌ను ఒక బోల్టు రంధ్రం పక్కకు తిప్పి బిగిస్తే ఊపు తగ్గింది. చాలా కార్లకు ఈ ఊపు 0.1 ఎంఎం దాటకూడదు, కొన్నింటికి 0.05 లోపే ఉండాలి. అప్పటికే మందంలో తేడా వచ్చేసింది కాబట్టి డిస్క్‌లను లేత్ పట్టించి, అంటే లేత్ మిషన్ మీద ముఖాలు పైపైన కోయించి, ప్యాడ్లు మార్చి పంపాం. కొత్త డిస్క్‌లు కొనలేదు.

చక్రం నట్లు కూడా ఇందులో భాగమే. టైర్ షాపులో గన్‌తో ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే డిస్క్ మీద ఒత్తిడి సమానంగా ఉండదు. నట్లన్నీ ఒకే బిగువులో బిగించే టార్క్ రెంచి లేని చోట కనీసం ఎదురెదురు నట్లు బిగించుకుంటూ చేత్తో ముగించమని అడగండి.

ఇంకో అలవాటు గురించి. హైవేలో గట్టిగా బ్రేకు వేసి పంతంగి టోల్ దగ్గర క్యూలో ఆగి, పెడల్ మీద కాలు అలాగే నొక్కి పెడతాం. కాలిన ప్యాడ్ కాలిన డిస్క్‌ను ఒకే చోట పట్టుకుని ఉంటుంది, అక్కడ మచ్చ పడుతుంది. ఆగాక హ్యాండ్ బ్రేకు వేసి పెడల్ వదిలేయండి. అలాగే దూరం నుంచి వచ్చిన వెంటనే వాటర్ సర్వీసింగ్‌కు పెట్టి, వేడి డిస్క్ మీద చన్నీళ్లు కొట్టించకండి.

కంకర మీదో, రోడ్డు మీద ఆరబోసిన వడ్ల మీదో బ్రేకు వేసినప్పుడు పెడల్ కింద గడగడమంటే అది చక్రం జారకుండా బ్రేకును పట్టి వదిలే ఏబీఎస్ పని చేయడం, డిస్క్ లోపం కాదు. యాసంగి కోతల టైంలో ఈ కంప్లయింట్‌తో వచ్చేవాళ్లు ఎక్కువ. వడ్ల కుప్పల చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి పూట కనబడవు, అందుకే బ్రేకు గట్టిగా తొక్కుతాం, ఏబీఎస్ పని చేస్తుంది.

లేత్ పట్టించొచ్చా?

పట్టించొచ్చు, కానీ కోసిన తర్వాత కూడా పైన చెప్పిన లెక్క నిలబడాలి. గాళ్లు పోయేదాకా కోస్తే లిమిట్ దగ్గరికి వచ్చేస్తుంది, అప్పుడు ఆ కూలీ వృథా. చిన్న కార్లకు డిస్క్‌ల జత మూడు నుంచి ఐదు వేల మధ్య దొరుకుతున్నప్పుడు విప్పి, లేత్‌కి పంపి, తెచ్చి బిగించడం నాకు గిట్టుబాటుగా అనిపించదు. పెద్ద ఎస్‌యూవీలకు డిస్క్ ధర ఎక్కువ, వాటికి ఆలోచించొచ్చు.

లేత్ ఎవరు పడుతున్నారన్నది ముఖ్యం. మన దగ్గర మిల్లు షాఫ్టులు, ట్రాక్టర్ పార్టులు తిప్పే లేత్‌లు బోలెడు ఉన్నాయి. వాళ్ల పనితనానికి వంక పెట్టను. కానీ డిస్క్‌ను దవడల్లో ఎలా పడితే అలా బిగించి కోస్తే, హబ్‌కి ఆనే ముఖానికి, కోసిన ముఖానికి పొంతన కుదరదు. వెళ్లినప్పటి కంటే ఎక్కువ ఊపుతో తిరిగి వస్తుంది. హబ్‌కి ఆనే ముఖాన్ని ఆధారంగా చేసుకుని, రెండు ముఖాలు ఒకే బిగింపులో కోసే బ్రేక్ లేత్ ఉన్న చోటే ఇవ్వండి. ఎడమ డిస్క్ కోస్తే కుడిది కూడా కోయించాలి.

ఒక్క డిస్కే పోతే? జతగా మార్చండి. ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగింది ఉంటే రెండు వైపులా బ్రేకు పట్టు సమానంగా ఉండదు, గట్టిగా తొక్కినప్పుడు బండి పక్కకు లాగే ప్రమాదం ఉంది. కొత్త డిస్క్ మీద పాత ప్యాడ్లు కూడా వేయకూడదు. పాత డిస్క్ గాళ్ల ఆకారమే ఆ ప్యాడ్ మీద అచ్చు పడి ఉంటుంది.

వెనక చక్రాల గురించి ఒక్క మాట. చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే. వాటికి ఇదే పద్ధతి తిరగేసి చూడాలి: డ్రమ్ అరిగితే లోపలి వ్యాసం పెరుగుతుంది కాబట్టి దాని మీద గరిష్ఠ వ్యాసం ముద్రించి ఉంటుంది. మోటార్‌సైకిళ్ల డిస్క్‌లు కొత్తప్పుడే నాలుగు ఎంఎం ప్రాంతంలో ఉంటాయి, అరగడానికి ఉండేది దాదాపు అర ఎంఎం మాత్రమే. పల్లెల్లో బురదలో తిరిగే బైకులకు రెండో సెట్టు ప్యాడ్లప్పుడు ముద్ర చూసి కొలవకుండా వేయొద్దు.

మార్చేటప్పుడు పక్కన నిలబడి చూడాల్సినవి

పాత డిస్క్ రాకపోతే సుత్తితో బాదుతారు. చాలా డిస్క్‌ల మీద మరలున్న రెండు చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలో సరిపోయే బోల్టులు బిగించుకుంటూ పోతే డిస్క్ తనంతట తనే బయటికి వస్తుంది. బాదితే దెబ్బ వీల్ బేరింగ్ మీద పడుతుంది.

కొత్త డిస్క్‌కి తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. దాన్ని బ్రేక్ క్లీనర్‌తో కడగకుండా బిగిస్తే ఆ నూనె కొత్త ప్యాడ్లలోకి ఇంకుతుంది. క్యాలిపర్‌ను బ్రేక్ పైపు మీద వేలాడదీయకూడదు, తాడుతో స్ప్రింగుకి కట్టమనండి. పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు పైన డబ్బాలోంచి ఆయిల్ పొంగొచ్చు, అది పెయింట్‌ను తినేస్తుంది. బ్రేకు దుమ్మును నోటితోనో గాలి పైపుతోనో ఊదనివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, క్లీనర్‌తో తడిపి తుడిస్తే చాలు.

అన్నీ బిగించాక, బండి అంగుళం కదిలే ముందు పెడల్ గట్టిపడే దాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది, మొదటి తొక్కుడుకి బ్రేకు ఉండదు. షెడ్డులోంచి రివర్స్ తీస్తూ గోడకు గుద్దిన బండ్లు ఇలాగే జరిగాయి.

పార్టుల విషయంలో నేను చెప్పేది కంపెనీ జెన్యూన్‌వి గానీ, బాష్, రానే, బ్రెంబో లాంటి పేరున్నవి గానీ బిల్లుతో కొనమని. డిస్క్ మీద కనీస మందం ముద్ర లేకపోతే దాన్ని కొట్టువాడికే తిరిగి ఇచ్చేయండి.

శ్రీశైలం సంగతి

ఇది మీకు ప్రత్యేకంగా రాస్తున్నాను. మైదానంలో తిరిగే కారుకు పర్వాలేదనుకునే బ్రేకు, ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో సరిపోకపోవచ్చు. ఒకసారి అటు దిగి వచ్చిన కిరాయి బండిని చూశాను. డిస్క్ మందం లిమిట్ పైనే ఉంది, మందం ఒక్కటే చూస్తే ఉంచుకోమనే చెప్పేవాణ్ని. కానీ ముఖం మీద నీలం మచ్చలు, రెండు పగుళ్లు అంచుకు తాకాయి. డబ్బాలో బ్రేక్ ఆయిల్ నల్లగా, టీ డికాక్షన్ రంగులో ఉంది. డ్రైవర్ చెప్పింది, మధ్యలో పెడల్ మెత్తబడి కిందికి దిగిపోయిందని, బండి పక్కకు తీసి చల్లారే దాకా ఆగాడని. అతను ఘాట్ అంతా నాలుగో గేర్‌లో బ్రేకు మీద కాలేసి దిగాడు.

పెడల్ దిగిపోవడానికి కారణం డిస్క్ కంటే ఆయిల్. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 రకం ఆయిల్ 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ కనీస హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవి 230, 155. ఆయిల్ మరిగితే పైపుల్లో ఆవిరి బుడగలు వస్తాయి, పెడల్ తొక్కితే ఆ బుడగలే నలుగుతాయి తప్ప పిస్టన్ కదలదు. మీది 2017 బండి కదా, ఇప్పటిదాకా ఆయిల్ మార్చిన గుర్తు లేకపోతే డిస్క్‌ల గురించి తర్వాత ఆలోచించి ముందు ఆయిల్ మార్పించి, పైపుల్లోని ఎయిర్ తీయించండి. రెండేళ్లకోసారి మార్చాల్సింది అది. డబ్బా మూత మీద డాట్ ఎంతో రాసి ఉంటుంది, అదే పోయించండి.

ప్యాడ్లు ప్రయాణానికి ముందు రాత్రి మార్పించొద్దు. ఇప్పుడే మార్పించండి, మధ్యలో నాలుగైదు రోజులు దొరుకుతాయి. కొత్త ప్యాడ్ డిస్క్‌తో కుదురుకోవాలి. జడ్చర్ల వైపు హైవే ఖాళీగా ఉన్న పొద్దున పూట, వెనక బండ్లు లేనప్పుడు, అరవై నుంచి పదికి మెల్లగా తగ్గించండి, పూర్తిగా ఆపకండి. మళ్లీ అరవైకి తీసుకెళ్లి అలాగే చేయండి. ఎనిమిది పదిసార్లు చేశాక కొన్ని కిలోమీటర్లు బ్రేకు వేయకుండా నడిపి చల్లారనివ్వండి. తర్వాత రెండు మూడు వందల కిలోమీటర్లు గట్టి బ్రేకులు వేయాల్సిన పరిస్థితి తెచ్చుకోకుండా నడపండి.

ఘాట్‌లో రెండో గేర్, అవసరమైతే మొదటి గేర్. న్యూట్రల్‌లో దిగడం పెట్రోల్ కలిసొస్తుందని కొందరు చేస్తారు, అది చేయకండి. బ్రేకు మీద కాలు ఊరికే ఆనించి ఉంచకండి. గట్టిగా తొక్కి వేగం తగ్గించి, వదిలేసి చల్లారనివ్వాలి. శ్రీశైలం దారిలోని మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి మూసేస్తారు కాబట్టి గేటు టైమ్ అందుకోవాలన్న తొందరలో అడవి రోడ్డు మీద వేగంగా పోవాల్సిన అవసరం రాకుండా, మహబూబ్‌నగర్‌లో పొద్దున్నే బయల్దేరండి.

ఇక ఎస్టిమేట్ సంగతి. మళ్లీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లి, "డిస్క్ మందం ఎంత ఉంది, ముద్ర మీద ఎంత ఉంది, ఎడమ కుడి రెండూ రాసివ్వండి" అని అడగండి. మర్యాదగానే అడగండి, రాసివ్వడానికి వాళ్లకు ఐదు నిమిషాలు చాలు. రాసిస్తే ఆ నాలుగు అంకెలూ, పాత ప్యాడ్లు నాలుగింటి ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. రాసివ్వం అంటే ఊళ్లోని మీ మెకానిక్ దగ్గరికే ఒక డిజిటల్ వెర్నియర్, రెండు రూపాయి బిళ్లలు పట్టుకుని వెళ్లండి.